భువీని వదిలేశాక మనకి మిగిలింది స్కోర్లే

2024 మే 2, రాత్రి. ఇంటర్ అయిపోయింది, ఎంసెట్‌కి ఇంకో రెండు వారాలు ఉంది. రేపల్లెలో మా ఇంట్లో ముందు బుక్కు, ఎదురుగా టీవీ. ఉప్పల్‌లో సన్‌రైజర్స్ 201 కొట్టింది. రాజస్థాన్‌కి చివరి బంతికి 2 పరుగులు కావాలి. బాల్ భువనేశ్వర్ కుమార్ చేతిలో ఉంది. ఫుల్ టాస్ వేశాడు, రోవ్‌మన్ పావెల్ ప్యాడ్‌కి తగిలింది, ఎల్‌బీడబ్ల్యూ. ఒక్క పరుగుతో గెలిచాం. మా తమ్ముడు అరుచుకుంటూ వీధిలోకి పరిగెత్తాడు. నేనూ లేవబోతే నాన్న, "ఎంసెట్ రాసేది వాడు కాదుగా, నువ్వు కూర్చోమ్మా" అన్నారు.

ఆ నవంబర్‌కి నేను బాపట్లలో హాస్టల్‌కి వచ్చాను. భువీ బెంగళూరుకి వెళ్లిపోయాడు. నేను వెళ్లింది ర్యాంక్ ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి కాబట్టి నాకు బాధ లేదు. భువీ విషయంలో మాత్రం ఇప్పటికీ బాధే.

మొన్న డిసెంబర్‌లో అబుదాబి వేలం అయ్యాక మళ్లీ హాస్టల్లో అదే గొడవ. "లివింగ్‌స్టన్ వచ్చాడు, ఇంక 300 పక్కా" అని సగం మంది. నా అభిప్రాయం వేరు. మన టీమ్ ప్రతి ఆఫ్‌సీజన్‌లో ఒకే తప్పు చేస్తోంది. స్కోరు కొట్టేవాళ్లని దాచుకుని, మ్యాచ్ కాపాడేవాళ్లని వదిలేస్తోంది. ఎందుకలా అంటున్నానో చెప్తాను, తర్వాత మీరు తిట్టండి.

ముందు 2024 లెక్క చూద్దాం. ఒక్కో టీమ్‌కి 120 కోట్లు. వేలానికి ముందే సన్‌రైజర్స్ ఐదుగుర్ని ఉంచుకుంది. క్లాసెన్ 23, కమిన్స్ 18, అభిషేక్ 14, హెడ్ 14, మన విశాఖ కుర్రాడు నితీష్ కుమార్ రెడ్డి 6. మొత్తం 75 కోట్లు. మిగిలిన టీమ్ అంతటికీ 45. జెడ్డాలో మొదటి రోజే ఇషాన్ కిషన్‌కి 11.25, షమీకి 10, హర్షల్ పటేల్‌కి 8, ఇంకొందరికి కొంచెం కొంచెం పెట్టేశారు. రెండో రోజు పొద్దున్నకి పర్సులో మిగిలింది 5.15 కోట్లు. ఆ రోజే భువీ పేరు వచ్చింది. ఆర్‌సీబీ 10.75 కోట్లకి తీసుకుంది. ముందు రోజు నటరాజన్‌ని ఢిల్లీ కూడా సరిగ్గా అంతే పెట్టి పట్టుకుపోయింది. ఉంచుకున్న ఐదుగురూ క్యాప్డ్ ప్లేయర్లే కాబట్టి, భువీ మీద వాడటానికి ఆర్‌టీఎం కార్డు కూడా లేదు.

మన సీఎస్ఈ వాళ్లకి ఇది తెలిసిన ప్రాబ్లమే. నాప్‌సాక్. సంచి ఇంత, ఒక్కో వస్తువుకి ఇంత బరువు, ఇంత విలువ. ఏవి పెట్టుకుంటే లాభం? ఎగ్జామ్‌లో విలువ కాలమ్ వాళ్లే ఇస్తారు. బయట మనమే వేసుకోవాలి. మన మేనేజ్‌మెంట్ ఆ కాలమ్‌లో సిక్సులు వేసిందని నా అనుమానం. అక్కడ తప్పు వేస్తే అల్గారిథమ్ ఎంత కరెక్ట్‌గా రాసినా ఆన్సర్ తప్పే.

రిజల్ట్ చూడండి. 2025లో మొదటి మ్యాచ్‌లోనే రాజస్థాన్ మీద 286. ఇషాన్ సెంచరీ. హాస్టల్లో కంచాలు మోగించాం. తర్వాత వరసగా నాలుగు ఓడిపోయాం. అందులో ఒకటి మన విశాఖపట్నంలోనే, ఢిల్లీ చేతిలో. కోల్‌కతాలో 120కే ఆలౌట్. ఏప్రిల్ 12న పంజాబ్ 245 కొట్టింది. షమీ 4 ఓవర్లలో 75 ఇచ్చాడు, ఒక్క వికెట్టూ లేదు. అభిషేక్ 55 బంతుల్లో 141 కొట్టాడు కాబట్టి గెలిచాం. రోజూ 141 ఎవరు కొడతారు? చివరికి ఆరో స్థానం.

అదే ఏడాది జూన్ 3న అహ్మదాబాద్‌లో ఫైనల్. 17వ ఓవర్లో భువీ ఇద్దర్ని అవుట్ చేశాడు, వధేరాని, స్టోయినిస్‌ని. ఆర్‌సీబీ 6 పరుగులతో గెలిచింది. 18 ఏళ్లలో వాళ్లకి మొదటి కప్పు. 2016లో ఇదే ఆర్‌సీబీని వాళ్ల చిన్నస్వామిలోనే ఫైనల్లో 8 పరుగులతో ఓడించి మనం కప్పు తెచ్చుకున్నాం. ఆ ఏడాది పర్పుల్ క్యాప్ భువీదే, 23 వికెట్లు. తర్వాతి ఏడాదీ అతనిదే, 26.

ఇది ఒక్కసారి జరిగితే దురదృష్టం అనుకోవచ్చు. 2022 మెగా వేలానికి ముందు రషీద్ ఖాన్‌ని వదిలేశాం. అతను కొత్తగా వచ్చిన గుజరాత్‌కి వెళ్లాడు, ఆ ఏడాదే గుజరాత్ కప్పు కొట్టింది. సిరాజ్ అయితే మన హైదరాబాద్ కుర్రాడే. 2017లో 2.6 కోట్లకి అతన్ని మొదట కొన్నది మనమే. ఒక్క సీజన్ ఉంచుకుని వదిలేశాం. 2025లో గుజరాత్ జెర్సీలో ఉప్పల్‌కి వచ్చి 17 పరుగులకి 4 వికెట్లు తీశాడు. ఎవరి మీద? మన మీదే.

మా రూమ్మేట్ అంటుంది, "2023 డిసెంబర్‌లో ఇదే మేనేజ్‌మెంట్ కమిన్స్‌ని 20.5 కోట్లకి కొంటే అందరూ నవ్వారు కదే, హెడ్‌ని 6.8కి కొన్నదీ వాళ్లేగా" అని. నిజమే. అంతకు ముందు సీజన్ ఆఖరి స్థానంలో ఉన్న టీమ్, 2024లో ఫైనల్‌కి వెళ్లింది. కొత్తవాళ్లని కొనడం వీళ్లకి వచ్చు, ఒప్పుకుంటాను. పైగా భువీకి 34 ఏళ్లు నిండాయి, వయసు చూసి వదిలేశారనుకుందాం. కానీ పది కోట్లు పెట్టి తెచ్చిన షమీకీ అప్పటికి 34 ఏళ్లే. ఆ షమీనీ ఒక్క సీజన్‌కే లక్నోకి ట్రేడ్ చేశారు. రాహుల్ చాహర్, జంపా, ఇద్దరు స్పిన్నర్లనీ రిలీజ్ చేశారు. అబుదాబికి పర్సులో 25.5 కోట్లతో వెళ్లి, అందులో 13 కోట్లు లివింగ్‌స్టన్‌కి పెట్టారు. అతనూ కాస్త స్పిన్ వేస్తాడు, కాదనను. కానీ 13 కోట్లు ఆ స్పిన్‌కి కాదని అందరికీ తెలుసు.

ఇందులో నాకు ఇంకో బాధ కూడా ఉంది. తెలుగువాళ్లు ఎక్కువమంది ఉండాలని కొందరు అంటారు. గుంటూరు కుర్రాడు షేక్ రషీద్ 2025లో చెన్నైకి ఆడుతుంటే నాకూ మనసు లాగింది. కానీ భువీది మీరట్. ఎప్పుడైనా పరాయివాడిగా అనిపించాడా? 2014 నుంచి 2024 దాకా పదకొండు సీజన్లు ఉన్నాడు. నేను తెనాలిలో రెండో తరగతి చదువుతున్నప్పటి నుంచి నేను ఇంజనీరింగ్‌లో చేరేదాకా. అన్నాళ్లు ఉన్నాడు కాబట్టే మనవాడయ్యాడు.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు మా రేపల్లెని గుంటూరు జిల్లా రిలీజ్ చేసి బాపట్లకి ట్రేడ్ చేసింది. తెనాలిని మాత్రం రిటెయిన్ చేసుకుంది. మా నానమ్మ ఎవరైనా అడిగితే ఇప్పటికీ "మాది గుంటూరు జిల్లా నాయనా" అంటుంది. ఆధార్‌లో మార్పించాం గానీ నానమ్మలో మార్పించలేకపోయాం. అభిమానం కూడా అంతే, మూడేళ్లకోసారి ఆర్డర్ ఇస్తే మారదు. ఆ సంగతి వేలం టేబుల్ దగ్గర ఎవరికీ గుర్తు రావటం లేదు.

అందుకే నాది ఒకటే డిమాండ్. వచ్చే మెగా వేలానికి ముందు, రిటెన్షన్ లిస్టులో మొదటి రెండు పేర్లలో ఒకటి మన దేశం బౌలర్‌ది ఉండాలి. కొత్త బంతీ, చివరి ఓవరూ రెండూ వేయగలవాడు. అతనికి మంచి రేటు ఇవ్వండి. మిగిలిన డబ్బుతో ఎన్ని సిక్సులు కావాలంటే అన్ని కొనుక్కోండి.

సంక్రాంతికి ఇంటికి వెళ్లాను. బాపట్లలో ఎక్కి, తెనాలిలో దిగి, రేపల్లె బండి మారి వెళ్లేసరికి సాయంత్రం అయింది. తమ్ముడు గ్రౌండ్‌లో ఉన్నాడు. ఒంటి మీద తెనాలిలో కొన్న పాత ఆరెంజ్ టీషర్టు, వెనక 15 నంబర్ సగం ఊడిపోయింది. నన్ను చూసి వచ్చి, "అక్కా, వీళ్లు నన్ను ఆర్‌సీబీ ఫ్యాన్ అంటున్నారు" అన్నాడు. "మరి తీసేయొచ్చుగా?" అన్నాను.

"నేనెందుకు తీయాలి, వదిలేసింది వాళ్లు" అని వెళ్లి, బౌలింగ్ మార్క్ దగ్గర నిలబడ్డాడు.