అంచెలన్నియు నొకే వాకిటనా?

అంతర్జాలమున తమ జాడ పరులకు తెలియకుండ చదువుకొనగోరువారికి దారి యిచ్చునది టార్ అను జాలము. దానికి రిలే యనెడి అంచె నొకదానిని నిలుపవలెనని యుత్సహించు యువకుడు మొట్టమొదట నడుగు ప్రశ్న యొక్కటే: మిక్కిలి తక్కువ యద్దెకు సర్వరు ఎచ్చట దొరకును? ప్రశ్నలో దోషము లేదు. సొంత సొమ్ము పెట్టువాడు లెక్క చూచుకొనక తప్పదు. కాని అందఱును నొకే లెక్క చూచుటచే అందఱును నొకే వాకిట చేరుచున్నారు. జర్మనీలోని హెట్జ్నర్, ఫ్రాన్సులోని ఓవీహెచ్ వంటి కొలది కంపెనీల యావరణములలో ఈ అంచెలు గుమిగూడినవి. అచ్చట నిక నిలుపవలదని టార్ సంస్థవారే బహిరంగముగా హితవు చెప్పుచున్నారు.

పంపినవాని జాబు మూడు పొరల లకోటాలో చుట్టబడి మూడంచెలమీదుగా పోవును. మొదటి అంచె పంపినవాని నెఱుగును గాని గమ్యము నెఱుగదు. కడపటిది గమ్యము నెఱుగును గాని పంపినవాని నెఱుగదు. నడిమిదానికి రెండును తెలియవు. ఈ మూడును ఒండొంటికి పరాయివగుటయే రహస్యమునకు రక్ష. మొదటిదియు కడపటిదియు నొకే కంపెనీ యింట నున్నచో, ఆ గడపకడ కాపుండువానికి రాకపోకల వేళలను సరిపోల్చుకొనుట యెంతపని? అద్దెలో నాలుగు డబ్బులు మిగిల్చి మనము కొన్నది రహస్యమా, రహస్యపు బొమ్మయా?

దొంగలకు ముసుగు కుట్టి యిచ్చుటేల యని గద్దించు పెద్దలు కలరు. ఈ ముసుగును తొలుత కుట్టినది 1990వ దశాబ్దిలో అమెరికా నౌకాదళ పరిశోధనశాల! నావికులే కప్పుకొనిన ముసుగు నావికుని పట్టియిచ్చును గావున దానిని సర్వజనులకు విడిచిపెట్టిరి. దుష్టులును దీనిని వాడుకొనుట నిజమే. బెదిరింపు జాబు వచ్చినదని టపా జవానును చెఱ పెట్టుదుమా? ఆస్ట్రియాలో 2014లో జరిగినది అట్టిదే: కడపటి అంచెను నడపిన యొక యువకుని న్యాయస్థానము దోషిగా నిర్ణయించెను.

మన దేశపు ముచ్చట వేఱు. 2022 ఏప్రిల్ 28వ తేదీన కేంద్ర ప్రభుత్వపు సెర్ట్-ఇన్ శాఖ యొక యుత్తరువు వెలువరించెను. సర్వరు అద్దెకిచ్చువారు అద్దెదారుని పేరు, చిరునామా, ఏ పనికై తీసికొనెనో ఆ వివరము, అన్నియు 5 సంవత్సరములు దాచవలెనట! సంస్థలు తమ యంత్రముల చిట్టాలను 180 దినములు భద్రపఱుపవలెనట! ఆ యేడే ఎక్స్‌ప్రెస్, నార్డ్ మొదలగు వీపీఎన్ కంపెనీలు తమ సర్వరులను మన దేశమునుండి తీసికొనిపోయినవి. వచ్చిపోవువారి చిట్టా నుంచకుండుటయే ధర్మముగా గల అంచెకును, ఈ యుత్తరువునకును పొత్తెట్లు కుదురును?

అద్దెకొంపలకై వెదకుట మాని అన్యమార్గ మాలోచింపరాదా? అమెరికాలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రపు లెబనాన్ పట్టణమున కిల్టన్ గ్రంథాలయము 2015లో తన భవనముననే యొక అంచెను నిలిపెను. పోలీసులు వచ్చి శంక వెలిబుచ్చగా కొన్నాళ్లు నిలిపివేసిరి. సెప్టెంబరులో ధర్మకర్తలు సభ చేసి, పౌరుల మాట విని, మరల నడిపించిరి. అది పెద్ద పట్టణమును కాదు, ధనిక సంస్థయు కాదు.

దీనికి కావలసిన దెంత? సెకనుకు 10 మెగాబిట్ల వేగము, 512 మెగాబైట్ల మెమొరీ, నెలకు కనీసము 100 గిగాబైట్ల రవాణా, బహిరంగమైన యొక చిరునామా. మూల పడియున్న పాత కంప్యూటరు చాలును. 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరుపుకొనిన జాతి మనది. ఇంటిపన్నుతో గ్రంథాలయ సుంకము నేటికిని చెల్లించుచున్నాము. ఆ సుంకము తినెడి సంఘములు ఈ సంగతి నొక్కనాడైనను చర్చించినవా? కడపటి అంచె జోలికి పోనక్కఱలేదు. నడిమి అంచెతో ప్రారంభింపవచ్చును, గమ్యస్థానమువారికి దాని చిరునామా కనబడనే కనబడదు. దానికి ముందు ఆ 180 దినముల చిట్టానుండి గ్రంథాలయములను మినహాయింపుమని ఢిల్లీకి అర్జీ పోవలెను. మొదటి సంతకము ఏ పట్టణపు సంఘము చేయునో మేము వేచియున్నాము.