ఆ కాలపు కొలతలు

మొన్న ఉగాది భోజనాల దగ్గర ఒక మిత్రుడు అన్నారు: "ఆ కాలపు కొలతలతో చూడాలండీ. ఇయాన్ హెండర్సన్‌ లాంటి పోలీసు ఆఫీసరుకు ప్రమోషన్ ఇవ్వకపోతే ఇంకెవరికిస్తారు?"

సరే, ఆ కాలపు కొలతలతోనే చూద్దాం.

హెండర్సన్ బ్రిటిష్ పాలనలోని కెన్యాలో పెరిగిన తెల్లవాడు. కికుయు భాష ధారాళంగా మాట్లాడేవాడు. 1952లో ఎమర్జెన్సీ పెట్టాక, లొంగిపోయిన మౌ మౌ తిరుగుబాటుదారులనే వాళ్ల పాత సహచరుల మీదికి ఉసిగొల్పాడు. 1956 అక్టోబరులో నాయకుడు దేదాన్ కిమాతి దొరికాడు. నాలుగు నెలల్లో ఉరి తీశారు. హెండర్సన్‌కు జార్జ్ మెడల్ దక్కింది. నేనూ ఏటా నా టీముకి అప్రైజల్ ఫారాలు నింపేవాణ్ణే. పని అయిందా అన్న గడిలో ఇతనికి నూటికి నూరు!

అదే కెన్యాకు, అదే పోలీసు శాఖకు 1954లో ఆర్థర్ యంగ్ కమిషనరుగా వెళ్లాడు. హోంగార్డుల హత్యల మీద, చిత్రహింసల మీద కేసులు పెట్టాలన్నాడు. దర్యాప్తులో జిల్లా అధికారులు వేలు పెట్టకూడదన్నాడు. గవర్నరు బేరింగ్ పడనివ్వలేదు. ఏడాది తిరక్కుండానే యంగ్ రాజీనామా చేశాడు. ఆ లేఖను ప్రభుత్వం తొక్కిపెట్టింది. (లండన్‌లో పాత కమిషనరు కుర్చీ ఆయన కోసం కాచుకుని ఉంది, నిజమే. కింది ఉద్యోగికి ఆ ధీమా ఎక్కడిది?) అంటే తప్పు తప్పేనని ఆ కాలానికీ తెలుసు. తెలిసినవాడు ఇంటికెళ్లాడు, అంతే.

తర్వాత? స్వతంత్ర కెన్యా 1964లో హెండర్సన్‌ను దేశం నుంచి పంపించేసింది. 1966లో బహ్రెయిన్ చేరి మూడు దశాబ్దాలు అక్కడి భద్రతా విభాగాన్ని నడిపాడు. ఖైదీలను హింసించారని మానవ హక్కుల సంఘాలు మొత్తుకున్నాయి. ఆయన కాదన్నాడు. ఏ కోర్టూ విచారించలేదు. 2013లో చనిపోయాడు. కెన్యాలో హింసలు పడ్డ 5,228 మందికి ఖర్చులతో కలిపి 1.99 కోట్ల పౌండ్లు ఇస్తామని బ్రిటన్ ఒప్పుకున్నదీ ఆ ఏడే.

మావాళ్లకు హెండర్సన్ మీద అభిమానం ఊరికే రాలేదు లెండి. 2019 డిసెంబరులో షాద్‌నగర్ దగ్గర నలుగురు నిందితులు ఎన్‌కౌంటర్లో చనిపోతే పోలీసుల మీద పూలు చల్లాం. చంపాలనే కాల్చారని 2022లో సిర్పూర్కర్ కమిషన్ నివేదిక ఇచ్చింది. ఎన్‌కౌంటర్ జరిగిన వెంటనే ప్రమోషన్లు, శౌర్య పతకాలు ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది.

ఇది చెబితే మా మిత్రుడు పులిహోర వడ్డించుకుంటూ, "అలాగైతే ఇంక పోలీసులు పనేం చేస్తారండీ?" అన్నారు.