మొహం చూసి బొట్టు!

మా పుట్టిల్లు సిరిసిల్ల. మెట్టినిల్లు కోరుట్ల. కాపురం జగిత్యాలలో. ఈ మూడూళ్ళ మధ్య బస్సుల్లో తిరిగే నాలాంటిదానికి కథలకు కొదవుండదు. కానీ ఇప్పుడు చెప్పబోయేది కథ కాదు, జరిగిన సంగతి.

మొన్నామధ్య కోరుట్ల వెళ్ళినప్పుడు మా అత్తగారి పక్కింటావిడ ఫోను పట్టుకుని పరుగున వచ్చింది. భర్త దుబాయిలో ఉంటే, తను బీడీలు చుట్టుకుంటూ సంసారం ఈదుకొస్తున్న మనిషి. కూతురు డిగ్రీ చదువుతోంది. ఆ పిల్లకి రావలసిన సాయం కోసం దరఖాస్తు పెట్టుకోవాలి. మర్నాడే ఆఖరు తేదీ.

"జర చూడు చెల్లె, గీ ఫోన్ల అయితనే లేదు. మేమేం తప్పు చేసినమో ఏమో!" అంది.

చూశాను. 'ఈ పేజీని కంప్యూటర్‌లో తెరవండి' అని ఒకే ఒక్క ముక్క. అంతకుమించి ఏమీ లేదు. ఆ ఇంట్లో కంప్యూటరెక్కడిది? డిగ్రీ చదివిన నాకూ ఏం చెయ్యాలో తోచలేదు. మర్నాడు తల్లీకూతుళ్ళు ఇంటర్నెట్ సెంటర్‌కి పోయి, మధ్యాహ్నం దాకా నిలబడి, అడిగినంత ఇచ్చి పని ముగించుకొచ్చారు. ఆ రోజు బీడీలు పోయాయి, చేతిలో డబ్బులూ పోయాయి.

ఆ రాత్రి హైదరాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేసే మా తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. వాడు నవ్వాడు. "అక్కా, క్రోమ్‌లో పైన మూడు చుక్కలుంటయి గదా, అవి నొక్కితే 'డెస్క్‌టాప్ సైట్' అని వస్తది. దానికి టిక్కు పెట్టి మళ్ళీ తెరువు" అన్నాడు. పెట్టాను. అదే ఫోను, అదే పేజీ. చక్కగా తెరుచుకుంది! నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోనుకి చేతకాని పని కాదన్నమాట. గుమ్మంలో నిలబెట్టి, ఎవరు వచ్చారో చూసి వెనక్కి పంపారంతే.

అసలు వెబ్‌సైటుకి మన చేతిలో ఉన్నది ఫోనో, కంప్యూటరో ఎలా తెలుస్తుంది? ఎక్కడో కూర్చుని మనల్ని చూస్తోందా? అదేం లేదు. మన బ్రౌజర్ ఏ సైటు తలుపు తట్టినా ముందుగా తన ఊరూ పేరూ చెప్పుకుంటుంది. దాన్ని 'యూజర్ ఏజెంట్' అంటారు. ఆండ్రాయిడ్ ఫోనులోని క్రోమ్ అయితే అందులో 'మొబైల్' అన్న మాట ఉంటుంది. ఆ మాట చూసే సైటు ఫోను అని తేల్చుకుంటుంది. మనం 'డెస్క్‌టాప్ సైట్' నొక్కగానే బ్రౌజర్ ఆ మాట తీసేసి, తాను కంప్యూటర్‌నని చెబుతుంది. చెప్పిన మాట నమ్మడమే తప్ప, సరిచూసుకునేవాళ్ళు తక్కువ. కొన్ని సైట్లు తెర వెడల్పు కూడా కొలుస్తాయి గనుక ఈ ఉపాయం అన్నిచోట్లా పారుతుందని మాత్రం అనుకోకండి.

ఈ వేషాలు ఇప్పుడు పుట్టినవి కావు. 1994లో నెట్‌స్కేప్ వాళ్ళ బ్రౌజర్ 'మొజిల్లా' అని పేరు చెప్పుకునేది. కొన్ని సైట్లు ఆ పేరు చెప్పినవారికే మంచి పేజీలు ఇచ్చి, మిగిలినవారికి సాదావి ఇచ్చేవి. తర్వాత వచ్చిన మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌ప్లోరర్ ఏం చేసింది? తానూ మొజిల్లానే అని చెప్పుకుని లోపలికి పోయింది. ఆ అలవాటు నేటికీ పోలేదు. క్రోమ్, సఫారీ, ఫైర్‌ఫాక్స్ ఏదైనా సరే 'మొజిల్లా' అనే మొదలుపెడుతుంది. మొహం చూసి బొట్టు పెట్టే ఇంటికి అందరూ ముసుగు వేసుకునే వస్తారు మరి!

పోనీ, ఆ గుర్తింపైనా నమ్మకమైనదా అంటే అదీ లేదు. 2019 నుంచీ ఐప్యాడ్ తనను తాను మ్యాక్ కంప్యూటర్‌గా చెప్పుకుంటోంది. 2023లో క్రోమ్ వాళ్ళు ఫోను మోడల్ పేరు చెప్పడం మానేశారు. ఏ కంపెనీ ఫోనైనా మోడల్ ఉండాల్సిన చోట ఇప్పుడు 'కె' అనే ఒక్క అక్షరం ఉంటుంది. ఇది మనకు మంచిదే. మన ఫోను ఖరీదెంతో వెళ్ళిన ప్రతి గుమ్మంలో చెప్పుకోవడమెందుకు? ఫోనా కాదా అన్నది మాత్రం ఇప్పటికీ వేరే చిన్న గుర్తుతో చెబుతూనే ఉంది.

దారిలో ఉన్నవాళ్ళకి, అంటే మనకి నెట్ ఇచ్చే కంపెనీకి, ఈ సంగతులు తెలుస్తాయా అని మీకు అనుమానం రావచ్చు. చిరునామా 'https' అని మొదలయ్యే సైట్లకి మన మాటలు అతికించిన కవరులో వెళతాయి. యూజర్ ఏజెంట్ కవరు లోపలే ఉంటుంది. అయితే కవరుమీద కొన్ని ఆనవాళ్ళు ఉంటాయి. ప్రతి పొట్లానికీ ఒక అంకె వేసి పంపుతారు. విండోస్ కంప్యూటర్ 128తో, ఆండ్రాయిడ్ ఫోను 64తో మొదలుపెట్టడం మామూలు. ఒక్కో మజిలీ దాటినకొద్దీ అందులో ఒకటి తగ్గుతుంది. పిల్లలు మన ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి ల్యాప్‌టాప్ వాడితే ఆ అంకె చూసి కనిపెట్టే వీలుంది. చేతిరాత చూసి ఉత్తరం ఎవరిదో పోల్చుకున్నట్టు! అందువల్ల కలిగే పొరపాట్లూ ఆ చేతిరాత పోలికల్లాగే ఉంటాయి.

అయితే ఫోనునీ కంప్యూటర్‌నీ వేరుగా గుర్తించడమే తప్పు అనను. సిరిసిల్లలో మా వదిన చీరలు అమ్మడానికి చిన్న వెబ్‌సైటు పెట్టించింది. చేసిచ్చిన అబ్బాయి కంప్యూటర్‌లో చూసుకుని మురిసిపోయాడు. కొనేవాళ్ళు మాత్రం లేరు. లెక్కలు తీయిస్తే తెలిసిందేమిటంటే, వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే కాబోలు, వంటిల్లు సర్దుకున్నాక రాత్రిపూట ఫోనులో చూస్తున్నారు. ఫోను తెరమీద 'కొనండి' అన్న మీట అంచు దాటిపోయి కనిపించడమే లేదు! సరిచేయించాక నాలుగు చీరలు కదిలాయి. అదీ గుర్తించడమంటే. పేరంటానికి ముసలావిడ వస్తే పీట బదులు కుర్చీ వెయ్యడానికి చూడాలి గానీ, పీటమీద కూర్చోలేరు కనుక ఇంటికి పొమ్మనడానికా?

"పెద్ద దరఖాస్తులు ఫోనులో నింపితే తప్పులు దొర్లుతాయి" అని మా తమ్ముడే వాదించాడు. నిజమే కావచ్చు. అయితే ఆ తప్పులు దొర్లకుండా పేజీ తయారుచెయ్యడం ఎవరి పని? తెరను బట్టి ఒకే పేజీ ఒదిగిపోయే పద్ధతిని ఈథన్ మార్కాట్ అనే ఆయన 2010లోనే రాసి చూపించారు. అప్పటికి మన జగిత్యాల, సిరిసిల్ల జిల్లాలే కాలేదు. అవి 2016లో వచ్చాయి. జియో వచ్చిందీ ఆ ఏడాదే. ఆ తర్వాతే మా పక్కింటావిడలాంటివారి చేతికి నెట్ అందింది. ఫోనులోనే, కంప్యూటర్‌లో కాదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడామన్నవారు దేశంలో మగవాళ్ళు నూటికి 57 మంది, ఆడవాళ్ళు 33 మంది. మన తెలంగాణ ఆడవాళ్ళ లెక్క 26 దగ్గరే ఆగింది. ఆ తర్వాత పెరిగే ఉంటుంది. కానీ ఇన్నాళ్ళకి అంతమంది గడప దాకా వస్తే, చేతిలో ఉన్న వస్తువును చూసి తలుపెయ్యడం న్యాయమా?

సైట్లు చేసేవారికి, చేయించే ఆఫీసులవారికి నేను చెప్పేదొకటే. మీ పేజీని ముందు చవకఫోనులో తెరిచి చూడండి. నిజంగా కంప్యూటరే కావలసి వస్తే, ఆఖరు తేదీనాడు కాదు, ప్రకటనలోనే ఆ ముక్క రాయండి.

ఇక మన సంగతి. మూడు చుక్కల ఉపాయం నేను ఆ రాత్రే పక్కింటి పిల్లకి చూపించాను. ఆ తల్లి తేరిపార చూసి, "అంటే తప్పు మాది కాదన్నట్టు" అంది. డబ్బు పోయినందుకు కాదు, ఆ మాట తెలియక రెండు రోజులు తనను తాను తిట్టుకున్నందుకు నాకు బాధేసింది. మీ వీధిలోనూ అలాంటి అమ్మ ఉంటుంది. చెప్పి రాకూడదూ?