ఎంగిలి ఇంధనం కడిగేదెవరు?

అణు కరెంటు గొప్పలు పెద్దలు మస్తుగ చెప్తరు. పొయ్యి సంగతి చెప్తరు గానీ బూడిద సంగతి చెప్పరు. మనకు బూడిద సంగతే ముందు కావాలె. ఈ దేశంలో బూడిద ఎత్తే పని ఎవరి నెత్తిన పెట్టిండ్రో మనకు ఎరుకే.

కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం మన హైదరాబాదు ఎన్.ఎఫ్.సి.కి వచ్చి, కడ్డీలై రియాక్టర్లకు పోతది. అక్కడ కాలితే ప్లూటోనియం పుడుతది. అది తమిళనాడు కల్పాక్కంలోని ఫాస్టు రియాక్టరుకు మేత. ఆ రియాక్టరులో కాలినదాన్ని మళ్లా ముక్కలు కోసి, నైట్రిక్ యాసిడ్‌లో కరిగించి, ప్లూటోనియం గుంజుకుంటరు. దీన్నే రీప్రాసెసింగ్ అంటరు. 'ఇది చెత్త కాదు, సంపద' అని వాళ్ల మాట. సంపద వాళ్లకు, ట్యాంకులల్ల మిగిలే విషం ఎవరికి? మామూలు ఇంధనం కంటె ఇందులో ప్లూటోనియం ఎన్నో రెట్లు ఎక్కువ. అది సగం తరగడానికే 24 వేల ఏండ్లు. మనుధర్మం వయసు దాని ముందట ఏపాటిది?

2003 జనవరి 21న కల్పాక్కంలోనే, మామూలు రియాక్టర్ల ఇంధనం కడిగే ప్లాంటులో ఏమైంది? తక్కువ విషమున్న ట్యాంకు నుంచి నమూనా తెమ్మని ఉద్యోగులను పంపిండ్రు. వాల్వు చెడిపోయి పెద్ద విషం అందులోకి వచ్చింది. ప్లాంటు మొదలై అయిదేండ్లయినా అక్కడ రేడియేషన్ కొలిచే మిషను లేదు. ఆరుగురి ఒంట్లోకి రేడియేషన్ పోయింది. యూనియన్ ఉత్తరం రాసింది, సమ్మె చేసింది. దేశంలో ఇంతటి రేడియేషన్ ప్రమాదం జరగలేదని బార్క్ పెద్దలు ఒప్పుకున్నది ఆగస్టులో!

2024 జనవరి 2న ప్రధాని మోడీ, ఫాస్టు రియాక్టరు ఇంధనం కడిగే 400 కోట్ల డెమాన్‌స్ట్రేషన్ ప్లాంటును జాతికి అంకితం చేసిండు. జాతి అంటే ఎవరు? వాల్వు కాడ నిలబడేటోడు అందులో ఉన్నడా?

సైన్సు వద్దంటున్ననా? బడిలో పిల్లలకు సైన్సు చెప్పేది నేనే. 1993లో ఒకసారి, 2013లో ఇంకోసారి చట్టం చేసి కూడ మోరీలల్ల మనుషుల సావు ఆపలేని సర్కారు, 24 వేల ఏండ్లు విషాన్ని కాపలా కాస్తనంటే నమ్మాల్నా?

మన జగదేవ్‌పూర్ దిక్కు పిలగాండ్లు గుత్తేదారు ఎంట ఏ అణు కార్ఖానకు పోయినా ముందు అడుగుండ్రి: రేడియేషన్ బ్యాడ్జి ఇస్తరా? ఎంత తాకిందో నెలనెలా కాగితం మీద రాసిస్తరా? పర్మినెంటోళ్లకు చేసే పరీక్షలే మాకూ చేస్తరా? పని మానిన పదేండ్లకు జబ్బొస్తే దవాఖాన ఖర్చు ఎవరిది? ఈ నాలుగూ రాసియ్యనోని లారీ ఎక్కకుండ్రి.

— ఒక బడిపంతులు, జగదేవ్‌పూర్