పరాయి దేశం సినిమాకి తెలుగు సబ్‌టైటిల్ కావాలి

మన హాస్టల్లో విదేశీ సినిమాలు చూడనివాళ్ళు ఎవరూ లేరు. కొరియన్ సిరీస్ ఒక్క రాత్రిలో పూర్తి చేసి, పొద్దున్న ల్యాబ్‌లో కునికిపాట్లు పడేవాళ్ళని రోజూ చూస్తూనే ఉన్నాం. కాబట్టి "ప్రపంచ సినిమాలు చూడండి బాబూ" అని ఉపన్యాసం ఇవ్వడానికి ఇది రాయడం లేదు. చూస్తున్నాం సరే, ఎలా చూస్తున్నాం? చూసినదాంట్లోంచి ఆ దేశం మనకి ఎంత అందుతోంది? నా ప్రశ్న అదీ.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సినిమా మనకి ఒక దేశపు రాజధానినో, కట్టడాలనో పరిచయం చెయ్యనక్కర్లేదు, వాటికి గూగుల్ చాలు. ఆ దేశంలో మనుషులు ఒకరితో ఒకరు ఎలా మసులుకుంటారో, దేనికి సిగ్గుపడతారో, ఎవరికి భయపడతారో చూపించడం సినిమాకే చేతనవుతుంది. అదంతా చిన్న చిన్న విషయాల్లో ఉంటుంది. పది నిమిషాల్లో కథ మొత్తం చెప్పేసే వీడియోల్లోనూ, డబ్బింగ్‌లోనూ, ఆఖరికి ఇంగ్లీషు సబ్‌టైటిల్‌లోనూ ముందుగా జారిపోయేవి కూడా ఆ చిన్న విషయాలే. అవి మనకి దక్కాలంటే తెలుగు సబ్‌టైటిల్స్ కావాలి. వాటిని మనమే రాసుకోవాలి.

ఉదాహరణకి ఇరాన్ సినిమా తీసుకుందాం. మజీద్ మజీదీ తీసిన 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్' 1997 నాటిది. కథ ఒక్క ముక్కలో చెప్పొచ్చు. అలీ అనే పిల్లాడు చెల్లెలి బూట్లు బాగుచేయించి తెస్తూ పోగొడతాడు. ఇంట్లో చెప్తే నాన్న దగ్గర కొత్తవి కొనడానికి డబ్బుల్లేవు. పొద్దున ఆడపిల్లల బడి, మధ్యాహ్నం మగపిల్లల బడి కాబట్టి అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒకే జత బూట్లని మార్చుకుంటూ పరిగెడతారు. 'వివరణ' వీడియోలో మీకు దొరికేది ఇంతే. దొరకనిది ఒకటుంది, వినండి.

ఇంట్లో నాన్న కూర్చుని మసీదు కోసం చక్కెర దిమ్మల్ని చిన్న ముక్కలుగా కొడుతుంటాడు. కూతురు టీ తెస్తుంది. ఆయన చక్కెర అడుగుతాడు. ఎదురుగా ఇంత గుట్ట ఉంది కదా అని ఆ పిల్ల ఆశ్చర్యపోతుంది. అది మసీదు సొమ్మనీ, తమది కాదనీ ఆయన నచ్చజెప్తాడు. ఆ ఇంటికి అద్దె బాకీ ఉంది, తల్లికి ఒంట్లో బాగోలేదు. అయినా ఒక్క ముక్క ముట్టుకోడు. ఇరాన్‌లో చాలామంది చక్కెరని టీలో కలుపుకోరు, ముక్క నోట్లో పెట్టుకుని దాని మీదుగా టీ తాగుతారు. అది తెలిస్తే, ఆ గుట్టలో ఒక్కో ముక్కా ఒక్కో కప్పు టీ అని కూడా తెలుస్తుంది.

ఈ సీన్‌ని మన అమ్మమ్మలకి చూపించండి. ఒక్క ముక్క వివరించక్కర్లేదు. "దేవుడి సొమ్ము ముట్టుకోకూడదు" అనే మాట తెలుగిళ్ళల్లో పుట్టి పెరిగినవాళ్ళకి కొత్త కాదు. మతం వేరు, భాష వేరు, ఆ భయభక్తి మాత్రం మనదే. అదే సినిమాలో తండ్రీకొడుకులు తోటపని వెతుక్కుంటూ ఉత్తర టెహ్రాన్‌కి సైకిల్ మీద వెళ్తారు. అక్కడ పెద్ద పెద్ద బంగళాలు, గేటు దగ్గర ఇంటర్‌కామ్. దాంట్లోంచి గొంతు వినబడగానే తండ్రికి మాట పెగలదు, కొడుకే మాట్లాడతాడు. కొండల వైపున్న ఉత్తర భాగం డబ్బున్నవాళ్ళది, దక్షిణం పేదలది అని టెహ్రాన్ గురించి పుస్తకంలో చదివితే పరీక్ష దాకా గుర్తుంటుంది. ఆ తండ్రి తడబాటు అంత తొందరగా మర్చిపోలేం. బ్యాంకులో ఫారం నింపడానికి కొడుకుని తోడు తీసుకెళ్ళే నాన్నలు మనలో ఎంతమందికి లేరు?

ఇక అస్గర్ ఫర్హాదీ 'ఎ సెపరేషన్' (2011). బెర్లిన్‌లో గోల్డెన్ బేర్, 2012లో ఇరాన్‌కి మొట్టమొదటి ఆస్కార్ తెచ్చిన సినిమా. మతిమరుపు జబ్బుతో ఉన్న ముసలాయన్ని చూసుకోడానికి ఒక పేద స్త్రీ పనికి కుదురుతుంది. మొదటిరోజే ఆయన బట్టలు పాడుచేసుకుంటాడు. పరాయి మగవాడి బట్టలు మార్చడం పాపమా అని ఆమె మతపెద్దలకి సంబంధించిన నంబరుకి ఫోన్ చేసి అడుగుతుంది. ఆ ఫోన్ కాల్ చూసి నవ్వేసేవాళ్ళుంటారు. పూర్తి సినిమా చూస్తే మాత్రం నవ్వు ఆగిపోతుంది. ఎందుకంటే చివర్లో అందరూ తమకి అనుకూలంగా అబద్ధాలు సర్దుకుంటున్నప్పుడు, డబ్బు అవసరం అందరికంటే ఎక్కువున్న ఈవిడే ఖురాన్ మీద అబద్ధపు ప్రమాణం చెయ్యలేకపోతుంది. ఫోన్ కాల్ దగ్గర మూఢత్వంలా కనబడింది, ప్రమాణం దగ్గరికొచ్చేసరికి నిజాయితీగా నిలబడుతుంది. ఒక మనిషి నమ్మకాన్ని బయటినుంచి జడ్జ్ చెయ్యడం ఎంత తేలికో, లోపలినుంచి చూడ్డం ఎంత కష్టమో రెండు గంటల్లో చూపించాడు ఫర్హాదీ. 1.5 స్పీడులో పెట్టి చూసేవాడికి ఈ రెండు సీన్ల మధ్య లంకె తెగిపోతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. తెర మీద కనిపించేదంతా ఆ దేశమే అనుకుంటే బోల్తా పడతాం. ఇరాన్ సినిమాల్లో ఆడవాళ్ళు సొంత ఇంట్లో, సొంత భర్త ముందు కూడా తలకి గుడ్డ కట్టుకునే కనిపిస్తారు. అక్కడి ఇళ్ళల్లో అలాగే ఉంటారు కాబోలు అనుకుంటాం. కాదు. 1979 విప్లవం తర్వాత వచ్చిన సెన్సార్ నిబంధనల వల్ల తెర మీద అలా చూపించాలి. మనం చూస్తున్నది ఇంటి ఆచారం కాదు, సెన్సార్ ఆచారం. దర్శకులు కథల్ని వీధుల్లోకి, కార్లలోకి, పిల్లల చుట్టూ తిప్పడానికి ఇదీ ఒక కారణం. జాఫర్ పనాహీకైతే 2010లో సినిమాలు తియ్యకూడదని ఏకంగా ఇరవయ్యేళ్ళ నిషేధం వేశారు. ఆయన తన అపార్ట్‌మెంట్‌లోనే ఒకటి తీసి, దానికి 'దిస్ ఈజ్ నాట్ ఎ ఫిల్మ్' అని పేరు పెట్టాడు. తర్వాత టాక్సీ నడుపుతూ 'టాక్సీ' తీశాడు, దానికి 2015లో గోల్డెన్ బేర్ వచ్చింది. 2025లో కాన్ పండగలో పామ్ డోర్ కూడా అందుకున్నాడు. కాబట్టి సినిమాలో ఏం చూపించారన్నదాంతో పాటు ఏం చూపించలేకపోయారో కూడా గమనించాలి. ఒక దేశం నుంచి ఒక్క సినిమా చూసి ఆ దేశం మీద తీర్పు చెప్పకూడదు. మన సినిమా ఒక్కటి చూసి, తెలుగువాళ్ళందరూ సుమోల్ని గాల్లోకి లేపుతారని ఎవరైనా అనుకుంటే మనకెలా ఉంటుంది?

సరే, ఇప్పుడు భాష సంగతి. 2020లో బెస్ట్ పిక్చర్ ఆస్కార్ గెలిచిన మొదటి ఇంగ్లీషేతర సినిమా 'పారసైట్'. అందులో ధనవంతురాలైన యజమానురాలు వానలో ఇంటికొస్తూ, ఫోన్‌లో ఒక నూడుల్స్ వంటకం చేసి ఉంచమంటుంది. కొరియన్‌లో దాని పేరు చపగూరి. చపగెట్టి, నొగూరి అనే రెండు రకాల చౌక ఇన్‌స్టంట్ నూడుల్స్ కలిపి వండుతారు. ఇంగ్లీషు ప్రేక్షకుడికి ఆ పేర్లు తెలియవని సబ్‌టైటిల్‌లో 'రామ్‌డాన్' అని రామెన్, ఊడాన్ కలిపి కొత్త మాట పుట్టించారు. తెలివైన పనే. కానీ అసలు చమత్కారం ఏంటంటే, ఆవిడ దాని మీద ఖరీదైన కొరియన్ బీఫ్ వెయ్యమంటుంది. మనకైతే మ్యాగీలో పులస ముక్కలు వేసినట్టు! డబ్బు ఎంతున్నా నాలుక హాస్టల్ పిల్లాడిదే. ఈ మాట తెలుగులో ఒక్క వరుసలో పట్టుకోవచ్చు.

ఇంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. కొరియన్‌లో ఎదుటివాళ్ళ వయసుని బట్టి, హోదాని బట్టి క్రియ చివర మారిపోతుంది. ఇంగ్లీషులో అందరికీ ఒకే 'యూ'. మనకి నువ్వు, మీరు ఉన్నాయి. రా, వే, అండీ, గారూ ఉన్నాయి. అక్క, వదిన, బాబాయ్ ఉన్నాయి. 'పారసైట్'లో పాత పనావిడ కొత్త పనావిడని అక్కా అని పిలిచి బతిమాలుతుంది. ఆ వరస కలుపుకోవడంలో ఉన్న దీనత్వం, కలుపుకోనివ్వకపోవడంలో ఉన్న కాఠిన్యం తెలుగువాడికి చెవిలో పడగానే అర్థమవుతాయి. ఇంగ్లీషు అనే ఇరుకు సందులోంచి వచ్చేసరికి అవి సగం రాలిపోతున్నాయి. అలాగే ఇరాన్‌లో 'తారోఫ్' అని ఒక మర్యాద ఉంది. షాపువాడు డబ్బులు తీసుకునే ముందు, "ఎంతలే, మీకంటే ఎక్కువా" అన్నట్టు మాట్లాడతాడు. నిజమే అనుకుని సరుకు పట్టుకుని వెళ్ళిపోతే కుదరదు! ఇంగ్లీషులో దీన్ని చెప్పడానికి పేరాగ్రాఫ్ కావాలి. మనకైతే మొహమాటం అనే మాట ఉంది. రెండూ అచ్చంగా ఒకటి కావు, కానీ "తినే వచ్చామండీ" అంటూ మూడోసారి అడిగితే గానీ కంచం ముందు కూర్చోని మన చుట్టాలకి తారోఫ్ గురించి క్లాసు అక్కర్లేదు.

"రీమేకులున్నాయిగా" అనొచ్చు. ఉన్నాయి. 'ఊపిరి' (2016) నాకు ఇష్టం. కానీ దాని మూలమైన ఫ్రెంచ్ సినిమాలో పనికొచ్చే కుర్రాడు సెనెగల్ నుంచి వచ్చిన కుటుంబంవాడు, పారిస్ శివార్ల పేద అపార్ట్‌మెంట్లలో పెరిగినవాడు. కథ మన దగ్గరికి వచ్చింది, ఫ్రాన్స్ అక్కడే ఉండిపోయింది. అది రీమేక్ తప్పు కాదు, దాని పనే అది. పరాయి ఇంటికి వెళ్ళాలనుంటే మాత్రం వాళ్ళ కథని మనింటికి తెచ్చుకుంటే సరిపోదు.

"ఇంగ్లీషు వచ్చు కదా, తెలుగు సబ్‌టైటిల్ ఎందుకు?" అనేది ఇంకో ప్రశ్న. మనకి వచ్చు, మనింట్లో అందరికీ రాదు. సెలవుల్లో మా అమ్మ పక్కన కూర్చుని 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్' చూస్తూ ప్రతి డైలాగూ నేను తెలుగులో చెప్పాల్సొచ్చింది. అడ్డం పడుతున్నానని ఆవిడ విసుక్కుంది కూడా. కింద రెండు వరుసలు తెలుగులో ఉండి ఉంటే నా నోరు అవసరం ఉండేది కాదు. ప్రపంచ సినిమా ఇంగ్లీషు మీడియం పిల్లల సొత్తుగా మిగిలిపోకూడదు అన్నదే నా బాధ.

పని చూస్తే పెద్దదేం కాదు. సబ్‌టైటిల్ ఫైల్ అంటే మామూలు టెక్స్ట్ ఫైలే. వరుస నంబరు, మాట మొదలయ్యే టైము, ముగిసే టైము, కింద వాక్యం, తర్వాత ఒక ఖాళీ లైను. మనలో మొదటి సెమిస్టర్ పైథాన్ చదివినవాళ్ళెవరైనా దాన్ని తెరిచి సర్దగలరు. కష్టమల్లా తెలుగుదే. రెండు సెకన్లలో చదవగలిగేంత చిన్న వాక్యం రాయాలి. నువ్వు, మీరు ఎక్కడ మారాలో పాత్రల మధ్య సంబంధం చూసి తేల్చుకోవాలి. 'ఐ యామ్ సారీ' అని కనబడిన ప్రతిచోటా 'నన్ను క్షమించు' అని రాసి చంపకూడదు, మనవాళ్ళు చాలాసార్లు "ఏమనుకోకు" అంటారు. ఒక్క సినిమాకి ఈ పని చేస్తే, ఒక సంవత్సరంలో చదివే వ్యాకరణం కంటే ఎక్కువ తెలుగు తెలుస్తుంది.

హక్కుల సంగతి మర్చిపోకూడదు. సబ్‌టైటిల్ కూడా అనువాదమే, అనుమతి కావాలి. అందుకని పెద్ద సినిమాలతో మొదలుపెట్టొద్దు. వేరే దేశాల విద్యార్థులూ, సొంతంగా తీసుకునే దర్శకులూ చేసిన పదిహేను నిమిషాల సినిమాలు బోలెడున్నాయి. మర్యాదగా ఒక మెయిల్ రాసి అడిగితే ఒప్పుకునేవాళ్ళు దొరుకుతారు. మన సాహితీ క్లబ్బు, ఫిల్మ్ క్లబ్బు కలిసి సెమిస్టర్‌కి ఒక్క చిన్న సినిమా తీసుకుంటే చాలు. నలుగురు అనువాదం, ఇద్దరు టైమింగ్, ఒకరు చివరిగా చదివి దిద్దడం. తర్వాత సెమినార్ హాల్లో అందరికీ వెయ్యాలి, మెస్సులో పనిచేసే అన్నల్నీ, అక్కల్నీ కూడా పిలవాలి. వాళ్ళు సీన్‌కి నవ్వాల్సినచోట నవ్వితే మన తెలుగు పాసైనట్టు.

ఆసక్తి ఉన్నవాళ్ళు మిడ్ పరీక్షలు అయ్యాక వచ్చే శనివారం క్లబ్బు గదికి రండి. పర్షియన్ రావక్కర్లేదు, కొరియన్ రావక్కర్లేదు. ఇంట్లో మాట్లాడే తెలుగు వస్తే చాలు.