ఊహానగరంలో పన్ను కట్టేదెవరు?

కల్పిత లోకాల ఆటలంటే మన అభ్యుదయ మిత్రుల్లో కొందరికి చిరాకు. బల్ల చుట్టూ నలుగురు యువకులు చేరి, లేని రాజ్యాలనూ లేని భూతాలనూ వూహించుకుంటూ పాచికలు దొర్లిస్తుంటే అది పలాయనవాదం కాక మరేమిటని వారి ప్రశ్న. మరోవైపు ఆ ఆటలాడే యువకుల్లోనే కొందరు, "ఆటలోకి రాజకీయాలు తేవద్దు, సరదా చెడిపోతుంది" అంటున్నారు. యీ వుభయుల వాదమూ తప్పని నా అభిప్రాయం.

ముందు ఆట సంగతి. 1974లో అమెరికాలో గైగాక్స్, ఆర్నెసన్ అనే యిద్దరు రూపొందించి వెలువరించిన "డంజన్స్ అండ్ డ్రాగన్స్"తో యిది లోకానికి తెలిసింది. ఒక్కొక్క ఆటగాడు ఒక్కొక్క పాత్ర ధరిస్తాడు. ఒకరు సూత్రధారి. ఆయన లోకాన్ని వర్ణించి, "యిప్పుడు మీరేం చేస్తారు?" అని అడుగుతాడు. వారు తలపెట్టిన పని నెగ్గుతుందో లేదో సందేహమైతే పాచిక తేలుస్తుంది. రాసిపెట్టిన సంభాషణ లేదు, అంతా ఆశువే.

యింతవరకు బాగానే వుంది. కాని యీ ఆటల్లో పట్టణం సాధారణంగా యెలా వుంటుంది? కత్తులు కొనడానికి ఒక దుకాణం, తలదాచుకోవడానికి ఒక సత్రం, దూరంగా ఒక కోట. రాజకీయమంటే ఒక మంచి రాజు, ఆయన పక్కన చేరిన ఒక చెడ్డ మంత్రి. మంత్రి చస్తే ప్రజలు సుఖపడతారు. మన జానపద చిత్రాల్లో అరిగిపోయిన కథే యిది. యిందులో రాజకీయాలు లేవనుకోవడం పొరపాటు. ప్రజల కష్టాలకు కారణం ఒక దుష్టుడే గాని వ్యవస్థ కాదని బోధించే రాజకీయమిది. రాజకీయాలు వద్దనేవారు తెలియకుండానే దాన్ని ఆడుతున్నారు. ఆ పట్టణంలో పన్ను కట్టేదెవరు? సత్రంలో గిన్నెలు తోమే మనిషికి కూలి యెంత? యెవరూ అడగరు.

చిత్రమేమిటంటే యీ ఆటకు మూలం కోటలో లేదు, పట్టణ రాజకీయంలోనే వుంది. 1960ల చివర మిన్నెసోటా రాష్ట్రంలో డేవిడ్ వెస్లీ అనే యువకుడు నెపోలియన్ కాలపు యుద్ధక్రీడ ఒకటి సిద్ధం చేశాడు. యుద్ధం ముంచుకొస్తున్న "బ్రాన్‌స్టీన్" అనే కల్పిత పట్టణంలో మేయరు, బ్యాంకరు, విశ్వవిద్యాలయ అధిపతి వంటి పాత్రలను మిత్రులకు పంచాడు. ఒక్కొక్కరికీ ఒక్కొక్క ప్రయోజనం. సైన్యాలు కదలకముందే ఆటగాళ్లు మూలమూలల చేరి బేరాలు మొదలుపెట్టారు. ఆట చెడిపోయిందనుకున్నాడు వెస్లీ. ఆడినవాళ్లు మాత్రం మళ్లీ కావాలన్నారు. వారిలో ఒకడు ఆర్నెసన్. విరుద్ధ ప్రయోజనాలను ఒక వూళ్లో కలిపి వదిలితే కథ దానంతటదే నడుస్తుందని ఆనాడే రుజువైంది.

మనకిది కొత్త సంగతి కాదు. 1892లో తొలిసారి ప్రదర్శించి, 1909లో గురజాడ తిరగరాసి ప్రచురించిన "కన్యాశుల్కం"లో రాజూ లేడు, రాక్షసుడూ లేడు. అగ్నిహోత్రావధాన్లు పిల్లనమ్మి డబ్బు చేసుకోవాలంటాడు. లుబ్ధావధాన్లు పెళ్లి చౌకగా జరగాలంటాడు. రామప్పపంతులు వ్యాజ్యాల మీద బతుకుతాడు, గిరీశం మాటల మీద బతుకుతాడు. వీరిలో యే ఒక్కరిని తొలగించినా ఆ దురాచారం చెక్కుచెదరదు.

అప్పటికప్పుడు అల్లేదానికి విలువేముందని అడగవచ్చు. అవధాని కూడా అప్పటికప్పుడే చెబుతాడు. కాని ఛందస్సు అతని యిష్టం కాదు. పృచ్ఛకుడు అక్షరాలను నిషేధించిన కొద్దీ అతని విద్య బయటపడుతుంది. మరి పట్టణ రాజకీయాన్ని ఆశువుగా నడిపేవాడికి ఛందస్సు యేది? భూమి యెవరిది? నీరు యెటునుంచి వస్తుంది? పన్ను యెవరు వసూలు చేస్తారు? నిర్ణయాలు చేసే చోట కుర్చీ లేనివారెవరు? యీ నాలుగూ తేల్చుకున్న సూత్రధారి కథ రాసుకోనక్కరలేదు. తేల్చుకోనివాడు యెన్ని మలుపులు రాసుకున్నా అది మంత్రి కథే.

గుమ్మడిదల ప్రాంతపు విద్యార్థులతో నేనీ ఆట ఆడించాను. ఒక కల్పిత పట్టణం. చెరువుగట్టు మీద ఒక రసవాది కార్ఖానా. చెరువులో చేపలు చస్తున్నాయి. పట్టణ పెద్దలకు ఆ కార్ఖానా కట్టే పన్నే ఆధారం. అందులో పనిచేసేది దూరదేశాల కూలీలు. "సార్, గీ వూళ్లె విలన్ యెవరు?" అని ఒక కుర్రవాడు అడిగాడు. మీరే తేల్చుకోండన్నాను. రసవాదిని చంపారు. నేను అడ్డుపడలేదు. కార్ఖానా అల్లుడి చేతికి పోయింది. చెరువు అలాగే వుంది. పని ఆగి కూలి పోయిన కూలీలు వీరుల మీదే తిరగబడ్డారు. కూలిమనిషి పాత్ర ధరించిన అమ్మాయి, "మమ్మల్ని ఒక్కలన్న అడిగిండ్రా?" అన్నది. ఆ మాట నేను రాసిచ్చింది కాదు. ఆ తర్వాత రెండు వారాలు యెవరూ కత్తి దూయలేదు. జాలరులూ కూలీలూ ఒక ఒప్పందానికి వచ్చారు. పెద్దలు కొందరు కూలీలకు యిళ్ల స్థలాలు ఆశచూపగానే అదీ విరిగింది.

యిది వట్టి వూహ అంటారా? గుమ్మడిదల 2016లో మండలమైంది, 2025లో మునిసిపాలిటీ అయింది. దగ్గరలోనే గడ్డపోతారం, కాజీపల్లి, బొల్లారం మందుల కార్ఖానాలు. 2025 ఫిబ్రవరిలో హైదరాబాదు చెత్త కోసం ప్యారానగర్‌లో డంపింగ్ యార్డు పనులు మొదలైతే నల్లవల్లి, గుమ్మడిదల జనం రోడ్డెక్కారు. ఆ జూన్ 30న పాశమైలారంలో ఒక కార్ఖానా పేలి 40 మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది పొట్ట చేతబట్టుకుని పరరాష్ట్రాల నుంచి వచ్చినవారు. పంచాయతీ పోయి మునిసిపాలిటీ వస్తే యెవరికి లాభం? ఓటు మరో రాష్ట్రంలో వున్న కార్మికుడి గోడు వినేదెవరు? మా విద్యార్థుల కళ్లముందున్న ప్రశ్నలివి. కళ్లముందున్నది కనబడాలంటే ఒక్కోసారి దానికి వేరే పేరు పెట్టి బల్లమీద పరచవలసి వస్తుంది.

విద్యాలయాల్లో నమూనా పార్లమెంటు జరుపుతున్నాం కదా, అది చాలదా అంటారు కొందరు. రాసిచ్చిన ప్రశ్నను కంఠస్థం చేసి ఒకడు అడుగుతాడు. రాసిచ్చిన జవాబును కంఠస్థం చేసి మరొకడు చెబుతాడు. అక్కడ మంత్రి యెన్నడూ తడబడడు. జవాబు ముందే తెలిసిన ప్రశ్నలు అడగడం ప్రజాస్వామ్యం కాదు, అష్టోత్తరం.

ఆట పోరాటం కాదు, నిజమే. యార్డుకు వ్యతిరేకంగా రోడ్డుమీద కూర్చున్నవారు పాచికలు వేసి కూర్చోలేదు. కాని యెవరి ప్రయోజనం యెక్కడుందో వెతికే అలవాటు యెక్కడ అబ్బినా మంచిదే. కనుక సూత్రధారులకు నేను చెప్పేది ఒకటే: కోట గీయకముందు చెరువు గీయండి. అభ్యుదయ మిత్రులకూ ఒక మనవి: దూరాన నిలబడి పలాయనమని ముద్రవేయడం సులువు; ఆ బల్ల దగ్గరకు వచ్చి కూర్చోండి. మీరు రానంతకాలం ఆ నగరాన్ని మంచిరాజే యేలుతుంటాడు.