గ్లాసులో ప్రాంతం ఉంది, ర్యాంకు లేదు

తెలుగు ఊళ్లలో 'వైన్స్' అని పెద్ద అక్షరాలతో బోర్డు కనిపిస్తే అక్కడ దొరికేది ఎక్కువగా విస్కీ, బ్రాందీ, బీరు. అసలైన వైన్, అంటే ద్రాక్షరసాన్ని పులియబెట్టి తయారుచేసే పానీయం, ఉంటే ఏ మూలనో రెండు మూడు సీసాలు ఉంటాయి. పేరు ఇంతగా వాడుకలో ఉండి, వస్తువు ఇంత తక్కువగా తెలిసిన సందర్భాలు అరుదు. నగరాల్లో ఈ పరిస్థితి కొంత మారుతోంది. నాసిక్ ద్రాక్షతోటలు చూడటానికి పర్యాటకులు వెళ్తున్నారు. పెద్ద హోటళ్లలో రుచి చూపించే కార్యక్రమాలు జరుగుతున్నాయి. వాటితో పాటే 'వందకు 92 మార్కులు', 'బంగారు పతకం', 'ప్రపంచంలో అత్యుత్తమ ప్రాంతం' వంటి మాటలూ వచ్చి చేరాయి. ఆ అంకెలు నిజంగా దేన్ని కొలుస్తున్నాయన్నది శాస్త్రం అడగవలసిన ప్రశ్న.

దీనికి రెండు తేలిక జవాబులు ప్రచారంలో ఉన్నాయి. నిపుణుల నాలుక తప్పు చెప్పదు అన్నది ఒకటి. ఇదంతా డబ్బున్నవాళ్ల ఆర్భాటం, అన్ని వైన్లూ ఒక్కటే అన్నది రెండోది. గత యాభై ఏళ్లలో జరిగిన ప్రయోగాలు రెండింటినీ తోసిపుచ్చుతున్నాయి. ఒక ప్రాంతపు వైన్‌కూ మరో ప్రాంతపు వైన్‌కూ మధ్య తేడా నిజం. అది రసాయనాల రూపంలో ప్రయోగశాలలో కొలవగలిగినదే. ఆ తేడాను పట్టుకుని 'ఇది దానికంటే గొప్ప' అని ఇచ్చే ర్యాంకు మాత్రం కొలత కాదు, అభిప్రాయం. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే గందరగోళం వస్తోంది.

నాలుక కన్నా ముక్కుకే పని ఎక్కువ

రుచి అని మనం పిలిచేదానిలో పెద్ద భాగం నిజానికి వాసన. నాలుక గుర్తించేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసపు పులుసులో తెలిసే ఉమామి అనే కొద్ది రుచులే. మిగతాదంతా నోట్లోంచి గొంతు వెనుక దారిగుండా ముక్కులోకి చేరే ఆవిరి అణువుల పని. ముక్కు గట్టిగా మూసుకుని ఒక యాలక్కాయ నమిలితే ఈ సంగతి తెలుస్తుంది. కాస్త ఘాటు తప్ప ఏమీ తెలియదు. ముక్కు వదిలిన మరుక్షణం యాలక్కాయ ప్రత్యక్షమవుతుంది. వైన్ రుచి చూసేవారు గ్లాసును గుండ్రంగా తిప్పడం, వాసన పీల్చడం, నోట్లో పోసుకుని గాలి లాగడం వెనుక ఉన్నది ఇదే. అవి ఆవిరి అణువులను ఎక్కువగా విడుదల చేసే పద్ధతులు.

ఇక వగరు. షడ్రుచుల్లో దానికి చోటిచ్చి, ఉగాది పచ్చడిలో మామిడి పిందె రూపంలో ఏటా రుచి చూసే తెలుగువారికి దీన్ని ప్రత్యేకంగా పరిచయం చేయనక్కర్లేదు. ఎర్ర వైన్‌లోని టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లకు అతుక్కుని వాటిని విడదీస్తాయి. నోటికి జారుడుతనం తగ్గి, నాలుక గరుకుగా, పట్టేసినట్టుగా అనిపిస్తుంది. నేరేడు పండు, వక్క, చిక్కటి డికాషన్ టీ చేసేదీ అదే. శాస్త్రం ప్రకారం వగరు ప్రధానంగా స్పర్శ. దానికి సొంత పేరు ఉన్న భాష మనది కాబట్టి, వైన్ గురించి మాట్లాడటానికి కావలసిన పదాల్లో కనీసం ఒకటి ముందే చేతిలో ఉంది.

ప్రాంతం గ్లాసులోకి ఎలా వస్తుంది?

ద్రాక్ష పండేటప్పుడు చక్కెర పెరుగుతుంది, పులుపు తగ్గుతుంది. పులుపునిచ్చే ఆమ్లాల్లో ఒకటైన మాలిక్ ఆమ్లాన్ని గింజ తన శ్వాసక్రియలో ఖర్చు చేసేస్తుంది. వేడి ఎక్కువైతే ఈ ఖర్చు వేగంగా సాగుతుంది. అందుకే జర్మనీలోని మోసెల్ లోయ వంటి చల్లని చోట వైన్‌లో పులుపు చురుగ్గా ఉంటుంది. వేడి ప్రాంతాల్లో చక్కెర, దాన్నిబట్టి ఆల్కహాల్ పెరిగి, పులుపు మెత్తబడుతుంది.

సువాసనల్లోనూ ఇలాంటి లెక్కే ఉంది. న్యూజిలాండ్‌లోని మార్ల్‌బరో ప్రాంతపు సావిన్యోఁ బ్లాఁ వైన్‌లో తాజా క్యాప్సికం వాసనకు మెథాక్సిపైరజీన్లు అనే అణువులు కారణం. క్యాప్సికంలో ఉన్నవీ అవే. కాయ పక్వమయ్యేకొద్దీ అవి తగ్గిపోతాయి. ఆస్ట్రేలియాలోని గ్రాంపియన్స్ వంటి చల్లని ప్రాంతాల షిరాజ్ వైన్‌లో మిరియాల వాసన వస్తుంది. ఎన్నో ఏళ్లు ఇది కేవలం వర్ణన అనుకున్నారు. 2008లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఆ వాసనకు కారణమైన రోటండోన్ అనే అణువును షిరాజ్‌లో గుర్తించారు. అదే అణువు మిరియాల్లోనూ ఉంది. ఎర్ర వైన్‌లో లీటరుకు దాదాపు 16 నానోగ్రాములు ఉన్నా మనిషి ముక్కు పసిగట్టగలదు. 25 లక్షల లీటర్ల ఒలింపిక్ ఈతకొలనులో 40 మిల్లీగ్రాములు కలిపితే ఎంతో, అంత పలుచన.

అదే పరిశోధనలో మరో సంగతి బయటపడింది. పాల్గొన్నవారిలో ఐదో వంతు మందికి, ఎంతో ఎక్కువ మోతాదులో ఇచ్చినా, రోటండోన్ వాసన తెలియలేదు. అంటే ఒకే గ్లాసు ముందు కూర్చున్న ఇద్దరిలో ఒకరికి మిరియాలు ఘుమఘుమలాడితే, మరొకరికి ఆ వాసనే ఉండకపోవచ్చు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. 'పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి' అన్న సామెతకు జీవశాస్త్రం ఇచ్చిన సాక్ష్యం ఇది.

ప్రాంతం పేరిట చెప్పేవన్నీ ఇంత గట్టివి కావు. 'ఈ వైన్‌లో ఆ నేలలోని రాళ్ల రుచి తెలుస్తుంది' అనే మాట చాలా సీసాల మీద కనిపిస్తుంది. బ్రిటన్‌కు చెందిన భూగర్భ శాస్త్రవేత్త అలెక్స్ మాల్ట్‌మన్ ఈ వాదనను వివరంగా పరిశీలించి తప్పని చూపారు. రాళ్లకు చెప్పుకోదగ్గ రుచీ లేదు, వాసనా లేదు. వేర్లు పీల్చే ఖనిజ లవణాలు వైన్‌లో రుచి తెలిసేంత మోతాదులో ఉండవు. నేల ప్రభావం ఉంది, కానీ అది నీరు ఎంత నిలుస్తుంది, వేడి ఎంత పట్టి ఉంచుతుంది అనే దారుల్లో వస్తుంది.

నాసిక్‌ను ఈ వెలుగులో చూడాలి. సంప్రదాయంగా వైన్ ద్రాక్ష భూమధ్యరేఖకు 30 నుంచి 50 డిగ్రీల మధ్య పండుతుందని పుస్తకాలు చెబుతాయి. నాసిక్ ఉన్నది 20 డిగ్రీల దగ్గర. అక్కడి తీగకు శీతాకాలపు నిద్ర ఉండదు. రైతులు ఏడాదికి రెండుసార్లు కత్తిరింపు చేసి, వానలు వెళ్లాక కాపు వచ్చేలా చూసుకుంటారు. చలి రాత్రులను వాడుకుంటూ కాయ పెరిగి, జనవరి నుంచి మార్చి మధ్యలో కోతకు వస్తుంది. ఐరోపా తోటల్లో కోతలు సాధారణంగా ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య జరుగుతాయి. ఇంత భిన్నమైన పంచాంగంతో పండిన ద్రాక్ష ఫ్రాన్స్ ద్రాక్షలా ఉండాలని ఆశించడమే పొరపాటు. 'ఫ్రాన్స్ వైన్‌కు ఎంత దగ్గరగా ఉంది?' అని కాక 'ఈ నేలా ఈ గాలీ దీనికి ఏమిచ్చాయి?' అని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది.

మార్కుల దగ్గరే చిక్కు

1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే బ్రిటిష్ వైన్ వ్యాపారి ఒక పోటీ పెట్టారు. లేబుళ్లు కనబడకుండా ఫ్రాన్స్, కాలిఫోర్నియా వైన్లను తొమ్మిదిమంది ఫ్రెంచ్ నిపుణులకు ఇచ్చారు. తెల్ల వైన్లలోనూ ఎర్ర వైన్లలోనూ మొదటి స్థానం కాలిఫోర్నియాకే దక్కింది. ఫ్రాన్స్‌కు సాటి లేదన్న నమ్మకం ఆ ఒక్క మధ్యాహ్నంతో కదిలిపోయింది. లేబుల్ దాస్తే ప్రతిష్ఠ ఎంత పలచబడుతుందో ఆ పోటీ చూపింది. చాలామంది చెప్పుకోని రెండో పాఠం కూడా అందులో ఉంది. ఎర్ర వైన్లలో మొదటి రెండు స్థానాల మధ్య తేడా అత్యల్పం. ఒకే వైన్‌కు వేర్వేరు నిపుణులు ఇచ్చిన మార్కులు మాత్రం ఎంతో దూరంగా ఉన్నాయి. ఆ అంకెల మీద 'కాలిఫోర్నియాయే గొప్ప' అని తీర్పు చెప్పడం, అంతకుముందు 'ఫ్రాన్సే గొప్ప' అనడం కంటే శాస్త్రీయమేమీ కాదు.

కాలిఫోర్నియా రాష్ట్ర ప్రదర్శనలో జరిగిన పరిశీలన దీన్ని మరింత స్పష్టం చేసింది. సొంతంగా వైన్ తయారుచేసే రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే విశ్రాంత ఆచార్యుడు, నిర్వాహకుల అనుమతితో, న్యాయనిర్ణేతలకు తెలియకుండా ఒకే సీసాలోని వైన్‌ను మూడు గ్లాసుల్లో, ఇతర వైన్ల మధ్య కలిపి ఇప్పించారు. 2008లో ఫలితాలు ప్రచురించారు. మూడుసార్లూ ఒకే పతకపు స్థాయిలో మార్కులు ఇవ్వగలిగినవారు సుమారు పదిమందిలో ఒక్కరు. ఒక తూకపు యంత్రం ఒకే బియ్యం సంచిని మూడుసార్లు తూచి మూడు బరువులు చూపిస్తే దుకాణదారుడు దాన్ని పక్కన పెడతాడు. వైన్ పతకాలకు మాత్రం ఆ పరీక్ష పెట్టేవారు తక్కువ.

కళ్లూ, జేబూ కూడా నాలుకను లొంగదీస్తాయి. 2001లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో ఫ్రాన్స్‌లోని బోర్డో విశ్వవిద్యాలయంలో వైన్ శాస్త్రం చదివే 54 మంది విద్యార్థులకు తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. వాళ్లు దాన్ని ఎర్ర వైన్‌కు వాడే మాటలతో వర్ణించారు. 2008లో అమెరికాలో మరో బృందం 20 మందికి మెదడు స్కానింగ్ చేస్తూ వైన్ రుచి చూపించింది. ఒకే వైన్‌ను ఒకసారి 10 డాలర్లదని, మరోసారి 90 డాలర్లదని చెప్పారు. ధర ఎక్కువ అన్నప్పుడు 'బాగుంది' అనడమే కాదు, ఆనందాన్ని నమోదు చేసే మెదడు భాగంలో చురుకుదనం కూడా పెరిగింది. వాళ్లు నటించలేదు. ధర చెప్పగానే వారికి కలిగిన ఆనందమే పెరిగింది.

అయితే అంతా బూటకమేనా?

కాదు. పై ప్రయోగాలను చూపి నైపుణ్యాన్ని ఎగతాళి చేసేవారు సగమే చదివారు. 2008లోనే ప్రచురితమైన మరో విశ్లేషణలో ఆరు వేలకు పైగా రుచి పరీక్షల లెక్క తీశారు. ధర తెలియనప్పుడు మామూలు జనం ఖరీదైన వైన్‌ను కాస్త తక్కువగానే ఇష్టపడ్డారు. శిక్షణ ఉన్నవారిలో మాత్రం ఆ ధోరణి కనిపించలేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో ఆన్ నోబెల్ 1980లలో రూపొందించిన సువాసన చక్రం ఆ శిక్షణకు మంచి ఉదాహరణ. అందులో 'గంభీరమైన', 'రాజసమైన' వంటి మాటలకు చోటు లేదు. లవంగం, తేనె, క్యాప్సికం వంటి, ఎవరైనా తెచ్చి పక్కన పెట్టి పోల్చుకోగల వాసనలే ఉన్నాయి. మనిషి ముక్కు తేడా పట్టడంలో, వర్ణించడంలో సాధనతో ఎంతో ఎదుగుతుంది. వందలో ఎన్ని మార్కులో తేల్చమన్నప్పుడే తడబడుతుంది.

భారతీయ వైన్‌కు ఇది నేరుగా వర్తిస్తుంది. విదేశీ పతకం వస్తే గర్వం, రాకపోతే చిన్నతనం అనే స్థితి నుంచి మన ఉత్పత్తిదారులు బయటపడాలి. దేశంలో జరిగే ప్రతి పోటీ మూడు సంగతులు బయటపెట్టాలి. లేబుల్ దాచారా? ఒకే నమూనాను మళ్లీ ఇచ్చి న్యాయనిర్ణేతల నిలకడ చూశారా? వారి మధ్య తేడా ఎంత? ఈ వివరాలు లేని పతకం కేవలం ప్రకటన. పతకాల మీద పెట్టే ఖర్చులో కొంత, నాసిక్, నంది హిల్స్ వైన్లలోని సువాసన అణువులను గుర్తించి, ఇక్కడి జనానికి తెలిసిన వాసనలతో వాటికి పేర్లు పెట్టడానికి వెచ్చిస్తే మేలు. ఎప్పుడూ తినని విదేశీ పండ్ల పేర్లు లేబుల్ మీద చదవడం కంటే నేరేడు, చింతపండు, లవంగం అన్న మాటలు కొనేవారికి ఎక్కువ చెబుతాయి.

ఒక హెచ్చరిక తప్పనిసరి. ఆల్కహాల్ క్యాన్సర్ కారకమని శాస్త్రం ఏనాడో తేల్చింది. ఎంత తాగినా హానిలేని పరిమితి అంటూ ఏదీ లేదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. 'ఎర్ర వైన్ గుండెకు మంచిది' అన్న పాత మాటను పట్టుకుని తాగడం మొదలుపెట్టడం తగదు. వృత్తిగా రుచి చూసేవారు కూడా పుక్కిలించి ఉమ్మేస్తారు.

రుచిని గమనించే విద్యకు వైన్ తప్పనిసరి కాదు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీతో ఈ పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు. మూడు కప్పుల్లో రెండింట అరకు కాఫీ, ఒకదానిలో చిక్కమగళూరు కాఫీ పోసి, ఏది వేరో చెప్పమని పన్నెండు మందిని అడగాలి. ఎవరికి ఏ కప్పు ఏ వరుసలో అందుతుందో మారుస్తుండాలి. ఊహించి చెప్పినా సగటున నలుగురు సరిగ్గా చెబుతారు. ఎనిమిది మందో అంతకంటే ఎక్కువో సరిగ్గా చెబితే తేడా నిజంగా తెలుస్తున్నట్టే. ఆ తర్వాత అడగవలసింది 'ఏది గొప్ప?' అని కాదు. 'తేడా ఏమిటి, అది ఎక్కడి నుంచి వచ్చింది?' అని.